అటక మీద తమ్ముడు

మా ఇంట్లో తలలేని తమ్ముడు ఒకడున్నాడు. చేతులు భుజాల దగ్గరే ఆగిపోతాయి, నడుము కింద ఏమీ లేదు. గోధుమరంగు ప్యాకింగ్ టేపు చర్మం, లోపలంతా నలిపి కుక్కిన పాత పేపర్లు. అసలు తమ్ముడికి ఈమధ్య పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది. వీడు మాత్రం 17 ఏళ్ల దగ్గరే ఉండిపోయాడు.

మొన్న అటక సర్దుదామని వాణ్ని కిందికి దింపితే, వాడి వెనకాల దాక్కున్నవన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. నలిగిపోయిన అట్ట కవచం. చెవుల దగ్గర కోసి గుడ్డతో అతికించిన కాగితపు శిరస్త్రాణం. ఎడమ చేతి తొడుగు ఒక్కటే, కుడిది ఏమైందో ఎవరికీ తెలీదు. వెండి రంగు పెచ్చులూడిన భుజం పలకలు. అన్నీ నేను చేసినవే. ఒక్కటి కూడా నేను తొడుక్కోలేదు. చేసేది నేను, తొడుక్కునేది వాడు. ఈ ఏర్పాటు ఎప్పుడు ఎలా కుదిరిందో గుర్తులేదు. వాడికి కదలకుండా నిలబడే ఓపిక ఉండేది, నాకు ఉండేది కాదు. నలుగురి ముందుకీ వెళ్లాలంటే నాకు కాళ్లు వణికేవి, వాడికి అదే కావాలి. అలా సరిపోయిందనుకుంటాను.

మొదటిది ఆ అట్ట కవచమే. వాడికప్పుడు 8 ఏళ్లు, నాకు 12. బడిలో నాటకం. వాడిది సైనికుడి వేషం, మాటలు రెండే. మొదట్లో "ఎవరక్కడ?" అనాలి, చివర్లో చచ్చిపోతూ "అమ్మా!" అనాలి. సరిగ్గా ఆ వారమే ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. ఫ్రిజ్ చూసి అమ్మ మురిసిపోయింది, అది వచ్చిన పెట్టె చూసి నేను మురిసిపోయాను.

అట్టపెట్టె అట్టకి మధ్యలో అలలు అలలుగా కాగితం ఉంటుంది కదా, ఆ గీతలు నిలువుగా వచ్చేలా పెట్టుకుంటే అట్ట ఒంటి చుట్టూ తిరుగుతుంది. అడ్డంగా పెడితే వంగదు, విరుగుతుంది. ఈ సంగతి మొదటి అట్ట విరిగాక తెలిసింది. రెండోదాన్ని బల్ల అంచు మీద వేసి, రెండు చేతులతో పట్టుకుని కొద్దికొద్దిగా కిందికి లాగుతూ వంచాను. ముందుకొకటి, వెనక్కొకటి, భుజాల మీద రెండు పురికొసలు, పైన అల్యూమినియం ఫాయిల్. ఫాయిల్ నున్నగా అంటిస్తే ఏదో పొట్లంలా కనిపించింది. దాన్ని ముందు ఉండలా నలిపి, మళ్లీ విప్పి అంటిస్తే సుత్తితో కొట్టిన రేకులా వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనొక లోహాన్ని కనిపెట్టినట్టే ఉంది.

నాటకం రోజున వాడు "ఎవరక్కడ?" బాగానే అన్నాడు. చచ్చిపోవడం కూడా బాగానే చచ్చిపోయాడు, వెల్లకిలా. తెర పడ్డాక లేవలేకపోయాడు. ముందు అట్ట తొడల దాకా ఉంది మరి. నడుము వంగితే కదా లేచేది! తిరగేసిన తాబేలులా కాళ్లు కొట్టుకుంటుంటే, ఇద్దరు పిల్లలు చెరో కాలూ పట్టుకుని ఈడ్చుకెళ్లారు. తెర పూర్తిగా నేలకి ఆనదని అప్పుడే అందరికీ తెలిసింది.

ఇంటికొచ్చాక నేను ఏడుస్తుంటే అమ్మ ఆ అట్టని వాడికి మళ్లీ తొడిగి, కూర్చోమంది, వంగమంది, చేతులెత్తమంది. మెళ్లో టేపు అలాగే వేలాడుతోంది. అమ్మ కుట్టుమిషను పని చేసేది. తర్వాత సుద్దముక్కతో బొడ్డుకి కాస్త పైన అడ్డంగా ఒక గీత గీసింది. చంకల దగ్గర రెండు అర్ధచంద్రాలు గీసింది. "మనిషి వంగేది ఇక్కడే. నీ అట్ట ఇక్కడ ఆగిపోవాలి" అంది. అంతే. మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

ఉక్కు కవచం తొడుక్కున్న యోధుడు కిందపడితే లేవలేడనీ, గుర్రం ఎక్కించాలంటే క్రేన్ లాంటిది కావాలనీ చాలామంది నమ్ముతారు. నేనూ అలాగే అనుకుని, మావాడు కూడా అసలైన యోధుడిలాగే పడ్డాడని కొన్నాళ్లు సరిపెట్టుకున్నాను. అది ఒట్టి మాటని తర్వాత చదివాను. 15వ శతాబ్దంలో ఐరోపా వాళ్ల నిండు కవచం సుమారు 20 నుంచి 25 కిలోలు ఉండేది. ఆ బరువు ఒళ్లంతా పరుచుకుంటుంది కాబట్టి దాంతోనే పరిగెత్తేవాళ్లు, పడితే లేచేవాళ్లు, సొంతంగా గుర్రం ఎక్కేవాళ్లు. మావాడి అట్ట కిలో కూడా లేదు. వాణ్ని పడుకోబెట్టింది బరువు కాదు, నేను వదలని ఆ నాలుగు అంగుళాలు.

వాడికి పదేళ్లప్పుడు శిరస్త్రాణం మీద పడ్డాను. బెలూన్ ఊది, దానిమీద చింపిన పేపరు ముక్కలు మైదా జిగురుతో పొరలు పొరలుగా అంటించడం. చదివితే సులువే. మొదటిరోజు అత్యాశకొద్దీ ఎనిమిది పొరలు ఒకేసారి వేశాను. పైన ఆరింది, లోపల ఆరలేదు. నాలుగో రోజుకి బూజు వాసన. రెండోసారి రోజుకి రెండు పొరలే వేశాను, కానీ రాత్రి చల్లబడేసరికి బెలూన్ కాస్త ముడుచుకుని, దానిమీది తడికాగితం ముసలివాళ్ల చెంపలా ముడతలు పడింది. మూడోది నిలిచింది. నిలిచినదాన్ని పురుగులు తినడం మొదలెట్టాయి. మైదా అంటే వాటికి విందే కదా. నాన్న చూసి, పుస్తకాలకి అట్టలు వేసేవాళ్లు జిగురులో మైలుతుత్తం కలుపుతారని చెప్పారు. అది విషం కాబట్టి నన్ను ముట్టుకోనివ్వకుండా తనే చిటికెడు కలిపి ఇచ్చారు. లేత నీలం జిగురు. ఇప్పటికీ ఆ శిరస్త్రాణం లోపల చూస్తే ఆ నీలం కనిపిస్తుంది. ఒక్క పురుగు రంధ్రం లేదు.

కొలతే తప్పింది. వాడి తలచుట్టు 52 సెంటీమీటర్లు. నేను సరిగ్గా 52కే చేశాను. కాగితం మందం, లోపల మెత్త, వీటికి చోటు వదలాలని తోచలేదు. పైగా తల దూరేటప్పుడు చెవులు అడ్డం వస్తాయని ఎవరనుకుంటారు? బలవంతంగా తోస్తే దూరింది. రాలేదు. సాయంత్రం వాణ్ని అలాగే హాల్లో కూర్చోబెట్టి, అమ్మ బట్టల కత్తెరతో చెవుల వెనకనుంచి కోసింది. వాడు ఏడవలేదు గానీ లోపల్నించి "అక్కా, చెవి ఉందా?" అని రెండు మూడుసార్లు అడిగాడు. కోసినచోట గుడ్డ అతికిస్తే అది తలుపు కీలులా తెరుచుకోవడం మొదలెట్టింది. ముందు తెరిచి, తల పెట్టి, మూయడం. అసలు కవచాల్లో కూడా కొన్ని శిరస్త్రాణాలకి ఇలాగే కీళ్లుంటాయని తెలిశాక, మా కత్తెర గాటుకి ఎక్కడలేని గౌరవం వచ్చింది.

ఆ యేడే నాయనమ్మ గొలుసు కవచం అల్లింది. ఇనుప రింగులు ఒకదానిలో ఒకటి వేసి చేసే అసలు గొలుసు చొక్కా పది కిలోల దాకా తూగుతుంది. రంగస్థలం మీద దానికి బదులు లావు నూలుతో అల్లి వెండి రంగు పూసే పద్ధతి చాలాకాలం నుంచి ఉంది. అది మాకు తెలిసి కాదు, నాయనమ్మ దగ్గర బూడిదరంగు ఉన్ని మిగిలింది కాబట్టి. లావు సూదులతో వదులుగా అల్లి తలకి తొడుగులాంటిది చేసింది. దానిమీద వెండి రంగు ముంచి పూశాను, అట్టలా బిగుసుకుపోయింది. ఇంకోటి అల్లమంటే ఆవిడ ఏమీ అనకుండా మళ్లీ అల్లింది. ఈసారి బ్రష్‌కి రంగు అంటించి, పేపరు మీద తుడిచేసి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో పైపైన రాశాను. ఉన్ని ముడుల ఎత్తుల మీద మాత్రమే వెండి నిలిచింది, సందుల్లో బూడిదరంగు నల్లగా మిగిలింది. ఇనుమే! నాయనమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇంత తేలికేమిటే?" అంది, తనే అల్లిన సంగతి మర్చిపోయి.

తర్వాత ఆరేడేళ్లు ఏమీ చేయలేదు. నా చదువు, వాడి క్రికెట్.

వాడు 17లో పడ్డాక కాలేజీలో వేషాల పోటీ వచ్చింది. కంప్యూటర్ గేముల్లో ఉండేలాంటి కవచం కావాలన్నాడు. పెద్ద భుజాలు, మోకాళ్ల దాకా పలకలు, కత్తి, అన్నీ. అప్పటికి నేను ఈవీఏ ఫోమ్ గురించి చదివి ఉన్నాను. అదేదో వింత వస్తువు అనుకోకండి, వ్యాయామం చేసేచోట, పిల్లలు ఆడుకునేచోట నేల మీద ఒకదానికొకటి తగిలించి పరుస్తారే, ఆ మెత్తటి పలకలే. మా ఇంట్లో నాన్న వ్యాయామం గదిలో అవి ఆరు పరిచి ఉండేవి. ఎంతకాలం ఉండేవో చెప్పనక్కర్లేదు. ఒకరోజు పొద్దున్నే నాన్న దండీలు తీద్దామని వెళ్లి, నేల మీద మనిషి ఛాతీ ఆకారంలో ఖాళీ చూసి చాలాసేపు అలాగే నిలబడిపోయారట.

ముందు కొలతలు కావాలి. ఒంటి కొలతలు అంకెల్లో రాసుకుంటే ఈ పనికి చాలవు, ఒంటి ఆకారమే కావాలి. వాడికి పాత టీషర్టు తొడిగి, మెడ దగ్గర ప్లాస్టిక్ కవరు చుట్టి, పైన ప్యాకింగ్ టేపు చుట్టడం మొదలుపెట్టాను. మూడు పొరలు. మొదటి పొర పూర్తయ్యేసరికి ముప్పావుగంట. రెండో పొర మధ్యలో "కళ్లు తిరుగుతున్నాయక్కా" అన్నాడు. మోకాళ్లు బిగబట్టి అంతసేపు నిలబడితే ఎవరికైనా అంతే, పైగా గాలి ఆడని టేపు. కుర్చీ వీపు పట్టుకోమని, స్ట్రాతో నీళ్లు తాగించి, ఫ్యాను పెట్టి పూర్తిచేశాను. చివరికి మొండి మొన కత్తెరతో వీపు మీద నిలువుగా కోసి వాణ్ని బయటికి తీశాం. కోసినచోట మళ్లీ టేపు వేసి, పేపర్లు కుక్కితే తలలేని తమ్ముడు తయారయ్యాడు.

అమ్మ వచ్చి చూసి, "వీడి ఛాతీ ఇంతుందా?" అంది. లేదు. హీరోలా కనిపించాలని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు వెధవ. మొదటి రెండు పొరలంతా ఆ ఊపిరి మీదే చుట్టాను. మర్నాడు మళ్లీ మొదటినుంచి. ఈసారి అమ్మ ఎదురుగా కూర్చుని, "ఊపిరి వదలరా... వదిలావా? మళ్లీ వదులు" అంటూనే ఉంది. ఇప్పుడు అటక మీదున్నది ఆ రెండోవాడు. కుట్టేవాళ్లకి ఆది ఇస్తాం కదా, అమ్మ వాడికి ఆ పేరే పెట్టింది. "మీ ఆదిగాడు గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు, జరపండి" అనేది. చీకట్లో మంచినీళ్లకి లేచినవాళ్లందరూ వాణ్ని చూసి కనీసం ఒకసారైనా కేకపెట్టారు.

ఆదిగాడి మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, ఎడమ సగం మాత్రం కాగితపు టేపుతో కప్పి, మార్కరుతో పలకల గీతలు గీసి, ఆ టేపుని కోసి తీశాను. సగమే ఎందుకంటే రెండోసగం దాన్నే తిరగేసి గీసుకోవచ్చు. తీసిన టేపు డొప్పలా ఉంది, బల్లమీద పరుద్దామంటే పరుచుకోదు. ఎక్కడ కోయాలో తెలీక తిప్పుతుంటే అమ్మ లాక్కుంది. ఉబ్బు శిఖరం వైపుగా ఒక గాటు, చంక వైపు నుంచి ఇంకొకటి. డొప్ప చదునుగా పడుకుంది, గాట్లు మాత్రం రెండు సన్నటి త్రికోణాలుగా విచ్చుకున్నాయి. "ఇవి డాట్లు. గుడ్డలో ఇంత తీసేస్తే అక్కడ అంత ఉబ్బు వస్తుంది. మీ రబ్బరులోనూ అంతే" అంది. నేను వారం రోజులుగా ఇంగ్లీషులో చదువుతున్నదంతా అమ్మ ముప్పై ఏళ్లుగా రోజుకి నాలుగుసార్లు చేస్తోందని అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు. కలపాల్సిన అంచుల మీద అడ్డంగా చిన్నచిన్న గీతలు కూడా తనే పెట్టింది. గీతకి గీత కలిస్తే ముక్క తిన్నగా కూర్చున్నట్టు. "ఎడమ, పైన", "ఇది కిందికి", "ఇక్కడ సాగదీయకు" అని రాసింది. అవన్నీ ఛాతీ పలక లోపలివైపు ఇప్పటికీ ఉన్నాయి.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. పుస్తకాల సంచి ఒకే భుజానికి తగిలించుకుని తగిలించుకుని వాడి ఎడమ భుజం అరంగుళం కిందికి జారింది. పలకలు రెండువైపులా ఒకేలా ఉంటే ఒంటి మీద వంకరగా కనిపిస్తాయి. భుజానికి తగ్గట్టు చేస్తే చేతిలో వంకరగా కనిపిస్తాయి. అమ్మా నేనూ దీనిమీద ఒక పూటంతా వాదించుకున్నాం. చివరికి పలకలు సమానంగానే చేసి, ఎడమ భుజం కింద అరంగుళం మెత్త పెట్టాం. వాడికి చెప్పలేదు.

ఫోమ్ కోయడానికి బ్లేడు కొత్తది ఉండాలి. మొండిబారితే ఫోమ్ తెగదు, చిరుగుతుంది, అంచు కొరికినట్టు వస్తుంది. నేను పొదుపు చేద్దామని ఒకే బ్లేడుతో రెండ్రోజులు లాగించి, ఆ అంచులు కలవక మళ్లీ కోశాను. నాన్న ఇంకో పలక కోల్పోయారు. కోసిన ముక్కలకి వేడి చూపించాలి. హెయిర్ డ్రయ్యర్ చాలలేదు, హీట్ గన్ కావాల్సి వచ్చింది. వేడి తగులుతుంటే ఫోమ్ పైనున్న సన్నటి రంధ్రాలు మూసుకుపోయి, చూస్తుండగానే మసక పోయి కాస్త నిగనిగ వస్తుంది. ఆ క్షణంలో తీసి వంచి, చల్లారేదాకా పట్టుకుంటే ఆ వంపు ఉండిపోతుంది. భుజం పలకల్ని నా మోకాలి మీద పెట్టి వంచేదాన్ని. అందుకే వాటి లోపలి గుండ్రం నా మోకాలిదే. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే, చేతుల కింద ఒక చదునైన వస్తువు మెల్లగా లొంగిపోవడం. ఎక్కువ కాలిస్తే మాత్రం ఘాటైన పొగ వస్తుంది. ఆ పొగ పీల్చకూడదు.

జిగురు సంగతి ఇంకా. చెప్పులకి వాడే పసుపురంగు జిగురుంటుంది కదా, అదే దీనికీ మంచిది. రెండు అంచులకీ పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. వేలు పెడితే అంటకుండా, కొద్దిగా పట్టుకున్నట్టు ఉండాలి. అప్పుడు కలిపితే ఇక విడదు. నాకు ఆగడం రాదని ముందే చెప్పాను. తడిగా ఉండగానే కలిపి, జారిపోతుంటే పట్టుకుని కూర్చునేదాన్ని. అంతకన్నా ఘోరం, ఒకరోజు కిటికీలు మూసిన గదిలో మధ్యాహ్నమంతా అదే పని చేసి తలనొప్పితో వాంతి చేసుకున్నాను. మూతికి గుడ్డ కట్టుకున్నాను కదా అంటే, గుడ్డకి దుమ్ము ఆగుతుంది గానీ జిగురు ఆవిరి ఆగదు. దానికి కార్బన్ ఫిల్టర్ ఉన్న మాస్కే కావాలి. ఆ రోజునుంచి జిగురు పని డాబా మీదకి మారింది.

నడుము పలక దగ్గర అమ్మ మాట మళ్లీ వచ్చింది, "వంగేది ఇక్కడే" అని. ఒకే పలక బదులు నాలుగు సన్నటి పట్టీలు కోసి, పైది కిందిదాన్ని కాస్త కప్పేలా పేర్చి, లోపల మూడు ఎలాస్టిక్ పట్టీలకి అంటించాం. వంగితే పట్టీలు ఒకదాంట్లోకి ఒకటి దూరతాయి, నిటారుగా నిలబడితే విచ్చుకుంటాయి. "రొయ్య వీపు" అంది అమ్మ చూసి. 17వ శతాబ్దంలో ఐరోపా రౌతులు పెట్టుకున్న ఒకరకం శిరస్త్రాణానికి మెడ వెనక ఇలాగే రేకులు వరసగా జారుతూ ఉంటాయి. ఇంగ్లీషులో దానికి లాబ్‌స్టర్, అంటే పెద్ద రొయ్యలాంటి జీవి, తోక పేరే పెట్టారు. అమ్మకి ఆ బొమ్మ చూపిస్తే, "మరి నేనేమన్నాను" అంది.

రంగు వేశాక ఇంట్లో పెద్ద గొడవ. తెల్ల జిగురు నీళ్లలో కలిపి ఐదారు పూతలు వేశాను, లేకపోతే రంగంతా ఫోమ్ పీల్చేసుకుంటుంది. దానిమీద నలుపు, నలుపు మీద వెండి. తళతళలాడుతోంది. వాడు ఆనందంతో గంతులేశాడు. అప్పుడు నేను పల్చటి నల్లరంగు కలిపి మొత్తం పూసి, సందుల్లో మిగిలేలా పైపైన తుడిచేశాను. వాడి మొహం చూడాల్సింది. "కొత్తదాన్ని పాడుచేశావక్కా!" అమ్మ కూడా వాడి వైపే, ఉతికిన బట్ట మీద ఎవరో మసి పూసినట్టు చూసింది. కానీ యుద్ధానికి వెళ్లొచ్చిన ఇనుము మెరవదు కదా! కత్తి ఒర తగిలి ఎడమ తొడ పలక అంచు గీరుకుపోతుంది, కుడి చేతి తొడుగు వేళ్ల కణుపుల దగ్గర అరుగుతుంది. అలా ఎక్కడెక్కడ అరుగుతుందో ఆలోచించి అక్కడ మాత్రమే వెండి గీతలు పెట్టాను. పదడుగుల దూరం నుంచి చూడమన్నాను. వాడు వెనక్కి నడిచి చూసి, ఏమీ అనలేదు. ఫోన్ తీసి ఫోటో తీసుకున్నాడు.

కత్తి పెద్ద కష్టం కాదు, మధ్యలో సన్నటి కర్ర, రెండువైపులా ఫోమ్, అంచులు ఏటవాలుగా కోయడం. కష్టమంతా పట్టీల దగ్గర. అందరిలాగే నేనూ వాటిని ఆఖరి రాత్రికి వదిలేశాను. వెల్‌క్రో ఫోమ్‌కి జిగురుతో అంటిస్తే, తీసినప్పుడల్లా జిగురుతో సహా ఊడొచ్చేది. రాత్రి పదకొండింటికి అమ్మ మిషను మీద కూర్చుంది. మందపాటి గుడ్డ రెండు పొరలు, మధ్యలో దూది పెట్టి చేతుల్లేని కోటు కుట్టి, భుజాల దగ్గర, నడుము దగ్గర నాడాలు కుట్టింది. పలకలన్నీ ఆ నాడాలకి కట్టేయడమే. బరువంతా కోటు మోస్తుంది, పలక ఒంటికి గీరుకోదు. మధ్యయుగాల యోధులు సరిగ్గా ఇలాంటి మెత్తకోటే లోపల తొడుక్కుని, దాని నాడాలకే ఉక్కు పలకలు కట్టుకునేవాళ్లని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. అప్పుడు అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "ఇంకెక్కడ కడతారే?" అంది.

పోటీ రోజు చెప్పుకోదగ్గవి రెండే. కవచాన్ని పొద్దున్నే కారు వెనక పెట్టి, ఎండలో మూడు గంటలు వదిలేశాం. తీసేసరికి కుడి భుజం పలక జిగురు మెత్తబడి విచ్చుకుని, అరటాకులా చదునైపోయింది. సేఫ్టీపిన్నులు, టేపు, అమ్మ నోట్లో పెట్టుకున్న దారం, వీటితోనే నిలబెట్టాం. రెండోది ఫ్యాను. శిరస్త్రాణంలో ఉక్కపోస్తుందని పాత కంప్యూటర్‌లోని చిన్న ఫ్యాను తీసి, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో చెవి పక్కన బిగించాను. గాలి బాగానే వచ్చింది. ఆ రొదకి వాడికి తన పేరు పిలిచింది వినబడలేదు. మూడుసార్లు పిలిచాక ఎవరో నెడితే వేదిక మీదకి వెళ్లాడు. బహుమతి రాలేదు. చప్పట్లు మాత్రం చాలా వచ్చాయట, అవీ వాడికి వినబడలేదు. నేను వెనక నిలబడి విన్నాను. కవచం తొడుక్కుని ఐదు గంటలు ఒంటికి వెళ్లడానికి లేక వాడు పడ్డ పాట్లు ఇక్కడ రాయకూడదని ఒట్టు వేయించుకున్నాడు.

1939లో న్యూయార్క్‌లో మొట్టమొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సదస్సు జరిగింది. దానికి ఫారెస్ట్ జె. ఏకర్మన్, మర్టిల్ ఆర్. డగ్లస్ అని ఇద్దరు అభిమానులు భవిష్యత్తు మనుషుల వేషంలో వెళ్లారు. ఈ సరదాకి అదే మొదలని చెప్పేటప్పుడు ఎక్కువగా ఆయన పేరే వినిపిస్తుంది. ఇద్దరి బట్టలూ చేసింది ఆవిడ. ఇది చదివినరోజు ఆ లింకు తమ్ముడికి పంపించాను. "సర్లే అక్కా, ఫోటోలో నువ్వు కూడా ఉండాల్సింది" అని జవాబిచ్చాడు. మాట నిజమే. పోటీనాటి ఫోటోలు ముప్పై దాకా ఉన్నాయి. ఒకదాంట్లో కింది మూలన నా చెయ్యి ఉంది, టేపు పట్టుకుని.

ఇప్పుడు త్రీడీ ప్రింటర్లతో కవచాలు చేస్తున్నారు. చూశాను, బాగున్నాయి. గీతలు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దడం మాత్రం వాళ్లకీ తప్పట్లేదని తెలిసి, ఎందుకో కాస్త సంతోషం వేసింది.

అటక మీంచి దింపినవాటిలో ఏవి ఉంచాలి, ఏవి పారేయాలి అని తమ్ముణ్ణి అడిగితే, ఛాతీ పలక పెట్టుకుని చూస్తానన్నాడు. పక్కన నాడాలు జానెడు దూరంలో ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగాడు. అయినా కలవలేదు. ఎడమ భుజం కింద మెత్త చూసి, "ఇదేమిటి?" అన్నాడు. ఇన్నేళ్లకి చెప్పాల్సి వచ్చింది. అద్దం ముందుకెళ్లి భుజాలు రెండూ పైకీ కిందికీ ఆడించి చూసుకున్నాడు, ఒప్పుకోలేదు.

అట్ట కవచం పారేశాం, చెదలు పట్టింది. ఆదిగాణ్ణి కూడా పారేద్దామని నేను గుమ్మం దాకా ఈడ్చాను. అమ్మ వద్దంది. ఏడాదికి రెండు మూడుసార్లు తమ్ముడికి చొక్కా కుట్టేటప్పుడు వాణ్నే ముందు నిలబెట్టుకుంటుందట, వాడు పక్కనే ఉన్నా సరే. ఆదిగాడి మీద టేపు పెట్టి కొలుస్తుంది, ఛాతీకి మూడంగుళాలు, పొట్టకి ఆరు మనసులోనే కలుపుకుంటుంది. ఎడమ భుజం మాత్రం కలపదు, తీయదు. ఆ అరంగుళం అలాగే ఉందంటుంది.